మూసీ వరద — విశ్వేశ్వరయ్యగారి నివేదిక: ఒక విమర్శ

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది హైదరాబాదు నగరాన్ని ముంచివేసింది. మరుసటి సంవత్సరం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఆ వరద కారణాలను, నివారణోపాయాలను చర్చిస్తూ నిజాం ప్రభుత్వానికి ఒక నివేదిక సమర్పించినారు. తరువాత 1951లో వెలువడిన ‘మెమాయిర్స్ ఆఫ్ మై వర్కింగ్ లైఫ్’ అనే తమ స్వీయచరిత్రలో ఒక అధ్యాయాన్ని ఈ విషయానికి కేటాయించినారు. మన ప్రాంతపు నదీశాస్త్ర చరిత్రలో ఇంతటి ప్రసిద్ధి పొందిన రచనలు అరుదు. ఇంత తక్కువగా చదువబడినవి కూడ అరుదే.

చదువనివారి నోట ఈ కథ నాలుగు వాక్యాలుగా మారిపోయింది. కొండలలో మేఘం బద్దలైంది, నది పొంగింది, విశ్వేశ్వరయ్యగారు రెండు ఆనకట్టలు కట్టించినారు, అప్పటినుండి నగరానికి వరద భయం తొలగిపోయింది. బడిపిల్లల వ్యాసాలలోను, సభలలోని ఉపన్యాసాలలోను వినబడేది ఇదే. ఈ నాలుగింటిలో నిస్సందేహంగా నిజమైనది రెండవది మాత్రమే. మిగిలిన మూడింటిని నివేదికలోని అంకెలతోనే పరీక్షింపవచ్చును. ఆ పరీక్షలో నివేదిక గొప్పతనమూ తెలుస్తుంది, దాని పరిమితులూ తెలుస్తవి.

వరద స్వరూపం

మూసీ వికారాబాదు సమీపంలోని అనంతగిరి కొండలలో పుట్టి, తూర్పుగా ప్రవహించి, నగరానికి కొద్ది ఎగువన ఈసీనదిని కలుపుకొని, హైదరాబాదును రెండుగా చీల్చుకొంటూ పోయి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. ఉత్తరపు ఒడ్డున అఫ్జల్‌గంజ్, కోల్సావాడి, వాటి వెనుక బేగంబజారు ఉన్నవి. బేగంబజారు నిజాముల కాలంనుండి నగరానికి కిరాణా అంగడి. పప్పులు, సుగంధద్రవ్యాలు, ఎండుఫలాలు, ఇత్తడి సామాను టోకున అమ్మే ఇరుకు వీధులు అవి. సరుకు నేలమట్టపు గోదాములలో ఉంటుంది. వర్తకుని కుటుంబం పై అంతస్తులోనో, పక్క గల్లీలోనో కాపురముంటుంది. ఇటువంటి చోట వరద వచ్చినచో ఇల్లు, వ్యాపారం, ఊరివారి తిండిగింజలు మూడూ ఒకేసారి పోతవి.

ఆనాడు అఫ్జల్‌గంజ్ వద్ద నీరు సుమారు 11 అడుగుల ఎత్తున నిలిచింది. నదిపై వంతెనలు కొట్టుకొనిపోగా, 1578లో కట్టిన పురానాపూల్ ఒక్కటే రెండు ఒడ్డులకు మధ్య లంకెగా మిగిలింది. సుమారు 19,000 ఇండ్లు కూలినవి. దాదాపు 80,000 మంది నిరాశ్రయులైనారు. వేలాదిమంది ప్రాణాలు పోయినవి. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ ఒక్కనాడే తల్లిని, భార్యను, కుమార్తెను కోల్పోయినాడు. ఈనాటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు కొమ్మలు పట్టుకొని సుమారు 150 మంది బ్రతికి బయటపడినారు.

నివేదికలోని సద్గుణం

ఇటువంటి విపత్తు తరువాత ఎవరైనను మొదట చూచేది నదిని. ఒడ్డు ఎక్కడ తెగింది, వంతెన ఎందుకు కూలింది అని అడుగుతారు. విశ్వేశ్వరయ్యగారు నదిని విడిచి నేలను చూచినారు. నగరానికి ఎగువన ఎంత నేలమీద పడిన వాన ఈ నదిలోకి చేరుతున్నది? 862 చదరపు మైళ్లు, అనగా సుమారు 2,230 చదరపు కిలోమీటర్లు. ఆ నేలమీద ఎన్ని చెరువులున్నవి? 788, చదరపు మైలుకు దాదాపు ఒక చెరువు. వాటిలో ఎన్ని తెగినవి? 221. ఎంత వాన కురిసింది? శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళాలు, 48 గంటలలో 18.9 అంగుళాలు, అనగా రెండు దినాలలో 48 సెంటీమీటర్లు. నదిలో గరిష్ఠ ప్రవాహమెంత? సెకండుకు 4,25,000 ఘనపుటడుగులు, అనగా 4,25,000 క్యూసెక్కులు.

వరదను దైవప్రకోపంగా తలచే కాలంలో దానిని ఈ విధంగా ఐదు ప్రశ్నలుగా విడదీయుటే ఈ రచనలోని ప్రధానమైన శాస్త్రీయ విలువ. వరద నగరంలో కనబడుతుంది గాని నగరంలో పుట్టదు; అది పరీవాహక ప్రాంతంలో పుడుతుంది. కనుక చికిత్స కూడ అక్కడే ప్రారంభం కావలెను.

లెక్క చెప్పే సంగతి

స్వీయచరిత్రలోని అధ్యాయానికి ఒక లోపమున్నది. అది ఫలితాలను ఇస్తుంది గాని, వాటిని చదువరి తానే సరిచూచుకొనే మార్గం చూపదు. ఆ పని తరగతి గదిలో సులభంగా చేయవచ్చును.

ఒక చదరపు మైలు నేలమీద ఒక అంగుళం వాన పడినచో సుమారు 23 లక్షల 23 వేల ఘనపుటడుగుల నీరవుతుంది. దీనిని 862తో హెచ్చించినచో 200 కోట్ల ఘనపుటడుగులు, అనగా 2 టి.ఎం.సి.లు వస్తవి. జ్ఞాపకముంచుకొనుటకు ఎంతో అనువైన సంఖ్య ఇది: మూసీ పరీవాహక ప్రాంతమంతటా పడిన ప్రతి అంగుళం వానకు రెండు టి.ఎం.సి.ల నీరు. పన్నెండు అంగుళాలు పడి అందులో సగమే పారినదనుకొన్నా 12 టి.ఎం.సి.లు నగరంవైపు నడుస్తవి.

ఇక రెండవ లెక్క. ఒక చదరపు మైలుపై గంటకు ఒక అంగుళం చొప్పున కురిసే వాన అంతా పారినచో 645 క్యూసెక్కుల ప్రవాహమవుతుంది. 4,25,000 క్యూసెక్కులను 862 చదరపు మైళ్లకు పంచినచో మైలుకు 493 క్యూసెక్కులు. అనగా ఆ గరిష్ఠ క్షణాన ప్రాంతమంతటినుండి గంటకు సుమారు ముప్పాతిక అంగుళం చొప్పున నీరు వచ్చిపడుతున్నట్లు లెక్క. శంషాబాదులో ఆ 24 గంటల సగటు వాన గంటకు అర అంగుళం కంటె కొంచెమే ఎక్కువ. అంతటి వాన పరీవాహక ప్రాంతమంతటా పడినదనుకొన్నా, ఒక్క చుక్క కూడ నేలలో ఇంకలేదనుకొన్నా, సగటు వాన ఒక్కటే ఈ ప్రవాహాన్ని ఇవ్వజాలదు.

అప్పుడు మిగిలినది ఎక్కడిది? రెండు సమాధానాలున్నవి. వాన దినమంతా సమంగా కురియక, కొన్ని గంటలలో మిక్కిలి తీవ్రంగా కురిసి ఉండవలెను. లేదా, చెరువులలో నిలిచిన నీరు గండ్లగుండా ఒక్కసారిగా వచ్చి చేరి ఉండవలెను. బహుశా రెండూ జరిగి ఉండును. దినమంతటి వాన మొత్తం ఒక్కటే తెలిసినప్పుడు ఈ రెండింటి వాటాలను విడదీయుట సాధ్యం కాదు. 4,25,000 అనే అంకెను ఉదహరించేవారు దానితోపాటు ఈ మాట కూడ చెప్పుట న్యాయం.

చెరువు రక్షకమా, శత్రువా?

చెరువుల విషయంలో నివేదిక చూపిన దృష్టి ఈనాటికీ అమూల్యమైనది. మన చెరువులు గొలుసుకట్టుగా ఉంటవి. పై చెరువు అలుగు పారితే ఆ నీరు క్రింది చెరువులో చేరుతుంది. సాధారణపు వానకు ఈ గొలుసు గొప్ప రక్షణ. ప్రతి చెరువూ కొంత నీటిని పట్టి, ప్రవాహాన్ని ఆలస్యం చేస్తుంది. అసాధారణపు వానకు అదే గొలుసు విపరీతంగా పనిచేస్తుంది. పై కట్ట తెగినచో ఆ చెరువంత నీరూ కొద్దిసేపటిలో క్రింది చెరువుపై పడుతుంది. దాని అలుగు వానకు తగిన వెడల్పుతో కట్టినదే గాని మరొక చెరువును మోయుటకు కట్టినది కాదు. నీరు కట్టపైనుండి దొర్లుతుంది; మట్టికట్ట కోసుకొనిపోతుంది; మూడవ చెరువుపై రెండు చెరువుల నీరు పడుతుంది. 221 గండ్లు 221 వేర్వేరు ప్రమాదాలు కావు. చాలవరకు ఒకదానికొకటి సంతానం.

ఇది పాత కథ అనుకొనుటకు వీలులేదు. 2020 అక్టోబరులో హైదరాబాదు దక్షిణ భాగాన పల్లెచెరువు, గుర్రంచెరువు కట్టలు తెగి, దిగువ కాలనీలను ముంచినవి. 2021 నవంబరు 19న అప్పటి కడప జిల్లాలో చెయ్యేరుపై అన్నమయ్య జలాశయపు మట్టికట్ట కొట్టుకొనిపోయింది. అక్కడ కూడ ఎగువన ఉన్న పింఛా జలాశయం తెగి ఆ నీరు తోడైంది. మొత్తం ప్రవాహం గేట్ల శక్తిని మించింది. దిగువ గ్రామాలలో పలువురు చనిపోయినారు. 1909లో ఒక ఇంజనీరు మూసీ చెరువులను లెక్కించి గుర్తించిన సూత్రం 112 సంవత్సరాల తరువాత శేషాచలం పాదాలవద్ద అదే విధంగా వర్తించింది.

‘కొండలో మేఘం బద్దలైంది’

ప్రజల నోటిలోని మొదటి వాక్యానికి వద్దాం. మేఘవిస్ఫోటం అనే మాటకు శాస్త్రంలో నిర్దిష్టమైన అర్థమున్నది. ఇరవై ముప్పై చదరపు కిలోమీటర్ల చిన్న ప్రదేశంలో ఒక గంటలో 10 సెంటీమీటర్లు, అంతకు మించి వాన పడినచో భారత వాతావరణశాఖ దానిని ఆ పేరుతో పిలుస్తుంది. 1908 నాటి వాన అటువంటిది కాదు. అది బంగాళాఖాతంనుండి వచ్చిన వాయుగుండపు వాన. వందలాది చదరపు మైళ్లపై రెండు దినాలు కురిసింది. మేఘవిస్ఫోటం ఒక వాగును పొంగించగలదు. 2,230 చదరపు కిలోమీటర్ల నదిని ఈ స్థాయికి తేవలెనంటే విస్తారంగా, దీర్ఘంగా కురిసే వాన కావలెను.

కొండల పాత్రను కూడ సరిగా గుర్తించుట అవసరం. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్నది; కొద్ది కిలోమీటర్ల దూరంలోనే పాదాన ఉన్న తిరుపతి 160 మీటర్ల ఎత్తున ఉన్నది. అటువంటి చోట తేమగాలి కొండనెక్కి, చల్లబడి, అక్కడే అధికంగా వర్షిస్తుంది; పడిన నీరు గంటలోపలే పాదానికి దిగుతుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు నదులగుటకు, కనుమదారులలో కొండచరియలు విరుగుటకు కారణం ఇదే. అనంతగిరి అటువంటి కొండ కాదు. మూసీ జన్మస్థానం సుమారు 660 మీటర్ల ఎత్తున ఉండగా ఉస్మాన్‌సాగర్ నిండునీటి మట్టం 1,790 అడుగులు, అనగా 546 మీటర్లు. అంత దూరానికి దిగుడు 115 మీటర్లకు మించదు.

కావున కొండపాదపు వరద రెండు విధాలు. నిటారు కొండల క్రింద నీరు గంటలలో వస్తుంది, హెచ్చరికకు వ్యవధి లేదు, తొలగిపోవుటయే రక్షణ. మూసీవంటి మెట్టనేల నదులలో వాన మొదలైన తరువాత నీరు నగరం చేరుటకు వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో ఎగువ వర్షమాపకాలను చదివి, చెరువులను గమనించి, దిగువవారికి చెప్పవచ్చును. 1908లో బేగంబజారువారిని చంపినది వాన ఒక్కటే కాదు. ఎగువన జరుగుతున్నది దిగువకు తెలియకపోవుట కూడ. ‘మేఘం బద్దలైంది’ అనే మాట ఈ రెండవ కారణాన్ని మరుగుపరుస్తుంది. బద్దలయ్యే మేఘాన్ని గురించి ఎవరూ ముందుగా చెప్పలేరు గదా అనే ఊరట దానిలో దాగి ఉన్నది.

రెండు జలాశయాలు

నివారణోపాయంగా నివేదిక సూచించినది, నగరానికి ఎగువన మూసీపై ఒకటి, ఈసీపై ఒకటి వరద జలాశయాలు కట్టుట. నగరంలో నది ఒడ్డులను ఎత్తుచేసి, వాటి వెంబడి నడకదారులు, తోటలు ఏర్పరచుట. గోడలు మాత్రమే కట్టి నదిని బంధింపజూడక, నగరం మోయగలిగినంత నీటిని వదలి, మించినదానిని కొంతసేపు ఎగువన నిలుపుట ఇందులోని సూత్రం. ఇది చాల వివేకమైన ఆలోచన. ఆయన దీనిని ప్రతిపాదించినారే గాని కట్టినవారు హైదరాబాదు రాష్ట్రపు ఇంజనీర్లు, కూలీలు. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తి అయినవి.

నాలుగవ వాక్యం, అనగా వరద భయం తొలగిపోయినదనుట, ఇక్కడ పుట్టింది. దానిని అంకెలు అంగీకరింపవు. ఉస్మాన్‌సాగర్ నిల్వశక్తి 3.9 టి.ఎం.సి.లు, హిమాయత్‌సాగర్‌ది సుమారు 3. రెండూ కలిపి 7 టి.ఎం.సి.ల లోపు. 4,25,000 క్యూసెక్కుల ప్రవాహం ఒక గంటలో 1.53 టి.ఎం.సి.లు మోస్తుంది. జలాశయాలు రెండూ పూర్తిగా ఖాళీగా ఉన్నా, గేట్లన్నీ మూసినా, ఆ ప్రవాహాన్ని నాలుగున్నర గంటలకు మించి ఆపలేవు. అవి నిండి ఉన్నచో బొత్తిగా ఆపలేవు. వచ్చిన నీటిని వచ్చినట్లు దిగువకు పంపవలసినదే.

ఇక్కడనే అసలు చిక్కు ఉన్నది. ఈ జలాశయాలు నగరానికి త్రాగునీటిని కూడ ఇచ్చినవి. త్రాగునీటికి జలాశయం నిండుగా ఉండవలెను. వరద రక్షణకు ఖాళీగా ఉండవలెను. వానకాలం చివర, సెప్టెంబరు, అక్టోబరు మాసాలలో, జలాశయం నిండుగా ఉన్నదని నగరవాసులు సంతోషించే దినాలలోనే బంగాళాఖాతపు వాయుగుండాలు వస్తవి. 1908 వరద సెప్టెంబరు చివరిది. 2020 వరద అక్టోబరు 13నాటిది. 2025 సెప్టెంబరు 26, 27 తేదీలలో జంట జలాశయాల గేట్లు ఎత్తగా మూసీ పొంగి, బేగంబజారుకు కూతవేటు దూరంలోని మహాత్మాగాంధీ బస్సు స్టేషనులోకి నీరు ప్రవేశించింది. జలాశయమున్నదా అని అడిగిన చాలదు. వాయుగుండం బయలుదేరిన నాడు అందులో ఎంత ఖాళీ ఉన్నదని అడగవలెను.

నివేదిక చూడజాలనిది

రెండు జలాశయాల పరీవాహక ప్రాంతాలు సుమారు 285, 505 చదరపు మైళ్లు; మొత్తం 790. విశ్వేశ్వరయ్యగారి 862లోనుండి దీనిని తీసివేసినచో 72 చదరపు మైళ్లు మిగులుతవి. ఈ నేలకు అడ్డుగా ఏ ఆనకట్టా లేదు. 1909లో అందులో ఎక్కువ భాగం పొలాలు, తోటలు, రాతిగుట్టలు. నివేదిక దానిని లెక్కింపదగినంత ప్రమాదంగా భావింపకుండుట సహజం. ఈనాడు అది నగరం. పొలంపై పడిన వానలో చెప్పుకోదగిన భాగం ఇంకుతుంది. సిమెంటు రోడ్డుపై, డాబాపై పడినది దాదాపు అంతా పారుతుంది. గంటకు ఒక అంగుళం వాన ఈ 72 చదరపు మైళ్లపై నిలకడగా పడి, అంతా పారినచో 46,000 క్యూసెక్కులు. 1908 ప్రవాహంలో ఇది తొమ్మిదవ వంతు. అయితే దీనిని ఆపుటకు మధ్యలో ఏమీ లేదు.

2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక దినంలో 24 సెంటీమీటర్ల వాన నమోదైంది. 2020లో నగరానికి తూర్పున ఘట్‌కేసర్ వద్ద 32 సెంటీమీటర్లు పడింది. ఆ వానలలో మునిగిన వీధులు ఎక్కువగా నాలాల వెంబడి, చెరువుల క్రింద ఉన్నవి. ఎగువ జలాశయాలు వాటిని కాపాడజాలవు. బేగంబజారువంటి చోట నాలా పూడినచో, నది పొంగకపోయినా గోదాములోని పప్పుబస్తా తడుస్తుంది.

జలాశయాల పరీవాహక ప్రాంతం కూడ 1909లో ఉన్నట్లు లేదు. నిండునీటి మట్టంనుండి పది కిలోమీటర్లలోపల పెద్ద కట్టడాలను, కాలుష్య పరిశ్రమలను నిషేధిస్తూ 1996లో 111వ ప్రభుత్వ ఉత్తర్వు వెలువడింది. 2022లో 69వ ఉత్తర్వు ఆ ఆంక్షలను తొలగింపబూనింది. దీనిపై వాదప్రతివాదాలు చాల ఉన్నవి. జలశాస్త్రం చెప్పగలిగినది ఒక్కటే: ప్రతి అంగుళం వానకు వచ్చే ఆ రెండు టి.ఎం.సి.లలో పారే భాగం హెచ్చినచో, నిల్వశక్తి అంతే ఉన్న జలాశయాలు ఆ మేరకు చిన్నవైనట్లే.

తుది మాట

విశ్వేశ్వరయ్యగారి నివేదికను శాస్త్రరచనగా తూచినచో, ప్రశ్నలు వేసిన తీరులో అది ప్రథమశ్రేణికి చెందినది. వర్షపాతపు వివరాల కొరత దాని తప్పు కాదు. ఆ కాలపు లోపం. ఒక వరదను ఆధారం చేసుకొని నగరపు భవిష్యత్తును నిర్ణయించుట దాని బలహీనత. అయినను అప్పటికి అందినది ఆ ఒక్క కొలతే. నగరం తన జలాశయాల క్రింద ఇంతగా విస్తరిస్తుందని ఊహింపకపోవుట దాని పరిమితి. పెద్ద తప్పు మాత్రం తరువాతివారిది: ఆ నివేదికలోని జవాబును తీసుకొని ప్రశ్నలను వదలివేసినారు.

ఆ ప్రశ్నలు ఏ ఊరి ఉపాధ్యాయుడైనను తన విద్యార్థులచే అడిగింపవచ్చును. మన ఊరికి ఎగువన ఎంత నేల ఉన్నది? దానిమీద ఎన్ని చెరువులున్నవి? ఏ చెరువు తెగితే ఏ చెరువుపై పడుతుంది? ఆ అలుగుల వెడల్పెంత? అలుగు దారిలో ఇప్పుడేమి కట్టినారు? మండలపు వర్షమాపకం ఎక్కడున్నది, దానిని ఎవరు చదువుతున్నారు? కావలసిన సాధనాలు ఒక పటం, ఒక కొలతటేపు, మామూలు హెచ్చవేత. హైదరాబాదు విద్యార్థులైతే వానకాలానికి ముందు పురానాపూల్‌నుండి అఫ్జల్‌గంజ్ వరకు నడిచి, బేగంబజారు వీధుల నీరు ఏ నాలాలో చేరుతున్నదో, ఆ నాలా నదిలో ఏ ఎత్తున కలుస్తున్నదో గుర్తించి, పటంపై గీయవలెను. నదిమట్టం ఆ ఎత్తును దాటిన క్షణంనుండి నాలానీరు నదిలోకి పోదు. నదినీరే వీధిలోకి వస్తుంది. ఆ మట్టం ఎన్ని అడుగులో తెలిసినవాడు గోదాములోని బస్తాలను, అంతకంటె ముందు ఇంటిలోని ముసలివారిని, పిల్లలను, వేళకు పైకి చేర్చగలడు.